సైకిలు దీపము

మా యింటి వసారాలో రెండు సైకిళ్లు గోడకానుకొని యుండును. ఒకటి నాది. నా పెండ్లికి పూర్వమే మా నాయన కొనియిచ్చినది. నల్లరంగు, ముందు బుట్ట, వెనుక క్యారియరు. రెండవది మా అమ్మాయిది. లావు టైర్లును, గేర్లును, ముందుచక్రమునకు స్ప్రింగుల కడ్డీలును గల కొండసైకిలు. దానిని పిల్ల మేనమామ బెంగుళూరులో కొన్నాళ్లు తొక్కి, కోరిక తీరినపిమ్మట లారీలో వేసి పంపినాడు. ఈ రెండు సైకిళ్ల నడుమ గోడకొక చెక్కపలకను కొట్టించి, దానిపై నాలుగు దీపములను వరుసగా పెట్టియుంచితిని. వచ్చిన చుట్టములు దేవునిగూటికంటె ముందు ఆ పలకను చూచి, "ఇన్ని లైట్లెందుకమ్మా, మీ యింట కరెంటు లేదా?" యని నవ్వుచుందురు. నిలుచుండి చెప్పదగిన సమాధానము కాదు గనుక, సోదరీమణులారా, తీరికగా మీకు వ్రాయుచున్నాను.

మాది మహానందికి పడమట రెండు మైళ్ల దూరముననున్న పల్లె. నంద్యాల యిచ్చటికి సుమారు 12 కిలోమీటర్లు. మహానందికోనేటి నీరు ఏడాది పొడవునను పాఱుచు ఈ ప్రాంతపు పొలములను తడుపుచుండును. అరటితోటలు మా జీవనాధారము. తూర్పున నల్లమల గోడవలె నిలిచియుండుటచే సూర్యుడు మాకు కొంచెమాలస్యముగా కనబడును. చలికాలమున ఆఱుగంటలు దాటువఱకు దారి మసకగానే యుండును. సాయంకాలము ఆఱు కొట్టినచో మఱల చీకటియే. ఊళ్లలో దీపస్తంభములు కలవు గాని ఊరికిని ఊరికిని నడుమ లేవు. తోటలలోనికి పోవు గరుసుబాటల సంగతి చెప్పనక్కఱలేదు.

నేను పదవతరగతి ముగించి నంద్యాలలో ఇంటరుమీడియేటులో చేరిన సంవత్సరమున మా యన్నకును నాకును చెఱియొక సైకిలు ఉండెను. అన్న సైకిలుకు డైనమో కలదు. నా సైకిలుకు లేదు. అప్పు డది యెవరికిని లోటుగా తోచలేదు. ఆడపిల్ల పొద్దుండగనే యిల్లు చేరును గదా, దీపమెందు కనిరి. కాని సైన్సు విద్యార్థులకు ప్రయోగశాల పని సాయంకాలము అయిదున్నర వఱకు ఉండెడిది. కార్తీకము వచ్చుసరికి నేను సగము దారిలో నుండగనే చీకటి పడుచుండెను. ఒకనాడు ఎదురుగా వచ్చు ఎద్దులబండిని చూడక, కాడిమానికి తగిలి పంటకాలువగట్టున పడితిని. దెబ్బ పెద్దది కాదు. అయినను మఱునాటినుండి కళాశాల మానిపించిరి. పరీక్షకు ప్రైవేటుగా కట్టవచ్చుననిరి, కట్టలేదు, పై యేడు పెండ్లి చేసిరి. ఇందులకు ఎవరినిగాని నిందించుటకు వ్రాయలేదు. మా నాయన నన్ను ప్రేమించినవాడే. ఆయనకు చీకటి యొకటే కనబడినది, దీపము కనబడలేదు.

డైనమో యనగా ఏమో నేటి పిల్లలెఱుగరు. అది బుడ్డివలె నుండు చిన్నయంత్రము. దాని తలను టైరుప్రక్కకు ఒత్తినచో చక్రముతో కూడ తిరిగి విద్యుత్తును పుట్టించును. సాధారణముగా 6 వోల్టులు, 3 వాట్లు. బ్యాటరీ యక్కఱలేదు, కొనువ్యయమే గాని నడుపువ్యయము లేదు. లోపమేమనగా, తొక్కుటకు బరువగును. నెమ్మదిగా పోవునప్పుడు దీపము మినుకుమినుకుమనును. ఆగినచో పూర్తిగా ఆఱిపోవును. రోడ్డు దాటుటకై నడుమ ఆగినప్పుడే గదా మనిషి యితరులకు కనబడవలసినది! అప్పుడే చీకటి. వానకాలమున టైరు తడిసి తల జాఱుచుండును. మా యన్న అందుకే చేతిటార్చి యొకటి హ్యాండిలుకు దారముతో కట్టుకొనెడివాడు.

ఇక మా అమ్మాయి కథ. దానికి కొండసైకిలు వచ్చిన తరువాత తారురోడ్డు చప్పగా తోచినది. తోటలవెంట గరుసుబాట, వాగులోని ఇసుక, కొండయంచున రాళ్లదారి, ఇవియే దానికి ఇంపు. మా సీమలో ఎనిమిదిగంటల యెండకే ఒళ్లు మాడును గనుక, తొక్కువారు వేకువనైనను మునిమాపుననైనను తొక్కవలసినదే. అనగా చీకటిలోనే. 2023వ సంవత్సరము కార్తీకమాసమున అది తన స్నేహితురాండ్రిద్దఱితో కలిసి సైకిళ్లమీద నవనందులను దర్శింతునని బయలుదేఱినది. సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ తొమ్మిది నందులను దర్శించుట మా వైపు వాడుక. ప్రథమనంది, నాగనంది, సోమనంది యను మూడును నంద్యాలపట్టణములోనే యున్నవి. తక్కినవి పల్లెలలోను, అడవియంచునను, మహానందిచెంతను ఉన్నవి. ఆటోలలోను కార్లలోను వేలమంది పోవుదురు. పిల్లలు సైకిళ్లపై పోయినచో తప్పేమని నేనే అనుమతించితిని.

దర్శనములు ముగించుకొని నంద్యాలలో స్నేహితురాండ్రను దించి, ఒంటిగా తిరిగివచ్చుసరికి చీకటిపడినది. సైకిలుకు దీపము లేకపోలేదు. తన చేతిఖర్చుతో 450 రూపాయలకు బజారులో కొన్నది. పెట్టెమీద పదివేల ల్యూమెన్లని అచ్చువేసియున్నది. నిజముగానే కన్ను చెదరునట్లు వెలిగినదట. అరగంట వెలిగి, ముందుగా తెలుపక, ఒక్కసారిగా ఆఱిపోయినది. ఆ తెల్లని వెలుగునకు అలవాటుపడిన కంటికి ఆ క్షణమున నక్షత్రములుకూడ కనబడవు. మా ప్రాంతమున ఆ రోజులలో మొక్కజొన్నలను తారురోడ్డుమీదనే ఎండబోయుదురు. రాత్రి రాశిచేసి నల్లపట్ట కప్పి, బండ్లు ఎక్కకుండ చుట్టును రాళ్లు పేర్చుదురు. పిల్ల ఆ రాళ్లవరుసపై ఎక్కి, రోడ్డునడుమ పడినది. వెనుకవచ్చుచున్న ఆటో దానికి జానెడు దూరమున ఆగినది. ఆటోనడుపునతడు దిగి, తిట్టి, తరువాత ఏడ్చి, పిల్లను ఇంటికి చేర్చినాడు. "వెనక ఎఱ్ఱలైటు లేదమ్మా, నాకు కనపడలేదు" అని నాతో పదిమార్లు చెప్పినాడు. ఎడమచేతి మణికట్టు విఱిగినది. ఆఱువారములు కట్టు.

ఆ రాత్రి మా యింట సభ జరిగినది. మా వారు సైకిలు అమ్మివేయుదమనిరి. మా అత్తగారు మంచముమీదనుండియే, "ఆడపిల్లకు రేత్తిరిపూట తిరుగుళ్లేంది? పడినా బుద్ధి రాలేదా?" యనిరి. పిల్ల మాట్లాడలేదు. చేయి ఒడిలో పెట్టుకొని గోడవైపు చూచుచుండెను. అట్లు గోడవైపు చూచుట నాకు తెలిసిన పనియే. ఒకప్పుడు నేను చూచితిని. నేను మా వారితో, "ఒక సంవత్సరము గడువిండు. తప్పు దానిదో దీపముదో నేను తేల్చెదను. తరువాత అమ్మవచ్చును" అంటిని. ఇంగ్లీషు సరిగా రాని, భౌతికశాస్త్రమును సగములో వదలిన నేను తేల్చుదునని ఎట్లంటినో నాకే తెలియదు.

మొదట ఆ చచ్చిన దీపమును విప్పితిని. లోపల గొట్టమువంటి సెల్లు ఒకటి. దానిపై 9800 అని సంఖ్య. నంద్యాలలో సైకిళ్లు బాగుచేయు వృద్ధుడైన సాయిబుగారి కది చూపితిని. ఆయన దానిని అరచేతిలో ఎగురవేసి, "ఇది తూకమే లేదమ్మా, ఇందులో 9800 ఎక్కడిది?" యని నవ్వెను. తరువాత నేను చదివి తెలిసికొన్నదేమనగా, ఆ సెల్లును 18650 అందురు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండుటచే ఆ పేరు. అందులో పట్టు విద్యుత్తు మంచిరకమునందు 2000 మొదలు 3500 మిల్లీ ఆంపియరు అవర్ల వఱకు. తొమ్మిదివేలని వ్రాసిన సెల్లు శేరు చెంబులో మూడుశేర్ల పాలు పట్టునని చెప్పు గొల్లవానివంటిది. ఈ లెక్క యొక్కటి తెలిసినచో బజారులోని దీపములలో సగమును తాకకయే తోసివేయవచ్చును. మఱియొక చిన్నలెక్క చెప్పెదను. 3000 సంఖ్య గల సెల్లు ఒకటి సుమారు 11 వాట్ల దీపమును ఒక గంట, లేదా 5 వాట్ల దీపమును రెండుగంటలు వెలిగింపగలదు. అంతకుమించి యెవరు చెప్పినను నమ్మవలదు.

సాయిబుగారు ఓపికగలవాడు. ఆయన చిన్నతనమున సైకిలుకు దీపము లేనిచో పోలీసువారు నిలిపి, గాలి తీసివేయుటో జుల్మానా వేయుటో చేసెడివారట. ఆయన తాతగారియొద్ద కార్బైడు దీపముండెడిదట. క్రింది డబ్బాలో కార్బైడు ముక్కలు, పైడబ్బాలో నీరు. నీరు బొట్టుబొట్టుగా పడుచుండ పుట్టిన ఎసిటిలీను వాయువు తెల్లని మంటతో వెలుగును. విద్యుద్దీపములు సులభము కాకమునుపు సైకిళ్లకును మోటారుకార్లకును అదియే దీపము. వెల్లుల్లివంటి దుర్వాసన దాని గుర్తు. ఆ వాసన మా అరటిమండీల కెఱుకయే. కాయను బలవంతముగా మాగబెట్టుటకు అదే కార్బైడును వాడెడివారు, చట్టము నిషేధించినను దొంగచాటుగా ఇప్పటికిని వాడువారు లేకపోలేదు. పండు కొనునప్పుడు తొడిమ పచ్చగాను తొక్క పసుపుగాను ఒకేతీరున నున్నచో అనుమానింపుడు. ఇది దీపపువ్యాసమున కెక్కువయే, కాని అరటితోట గలదానను, చెప్పకుండలేను.

ఇప్పటి సైకిలుదీపములన్నియు ఎల్.ఇ.డి. దీపములే. ఎఱుపు, ఆకుపచ్చ వెలుగులిచ్చు ఎల్.ఇ.డి.లు పూర్వమే యున్నను, నీలివెలుగునిచ్చునది కుదరకపోవుటచే తెల్లని వెలుగు సాధ్యము కాలేదు. జపానుదేశమున జన్మించిన అకసాకి, అమనో, నకమురా యను మువ్వురు దానిని సాధించినందులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. నీలివెలుగుపై పచ్చని పూత పూసి తెలుపును రాబట్టుదురు. అగ్గిపుల్లతల యంత ముక్కనుండి అంత వెలుగు వచ్చుట ఈ కారణముచేతనే.

ఇక ల్యూమెను మాట. దీపమునుండి నలువైపులకు వెడలు మొత్తపువెలుగును ల్యూమెన్లతో కొలుతురు. మనయిండ్లలో పూర్వము వెలిగిన 60 వాట్ల బల్బు 700 ల్యూమెన్ల ప్రాంతమున నిచ్చెడిది. కాని సైకిలువానికి కావలసినది మొత్తము కాదు, దారిమీద ఎక్కడ ఎంత పడుచున్నదన్నది. దానిని లక్సులతో కొలుతురు. దారిని వదలి చెట్టుకొమ్మలకును ఎదుటివాని కంటికిని పోవు వెలుగు మనకెందుకు? గడపముందు కళ్లాపి చల్లునప్పుడు నీరెన్ని బిందెలన్నది ముఖ్యమా, వాకిలియంతయు సమముగా తడిసినదా యన్నది ముఖ్యమా? పైగా దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవవంతగును. కనుక పెట్టెమీది సంఖ్యను చూచి మోసపోరాదు. నా యనుభవమున తారురోడ్డునకు 300 ల్యూమెన్లు నిజముగా ఇచ్చునది చాలును; రాళ్లబాటకు 600 మొదలు 1000 కావలెను.

నేనెక్కువగా ఆలోచించినది దీపమును ఎక్కడ కట్టవలెనన్న విషయము. మా అమ్మాయి కొండసైకిలువారి పుస్తకములను చదివి, వారు దీపములను రెండు పెట్టుకొందురని చెప్పినది. ఒకటి హ్యాండిలుమీద, ఒకటి తలమీది హెల్మెటుపైన. రెండెందుకని నేను వాదించితిని. వ్యయము రెట్టింపు గదా! ఒకనాటి రాత్రి పెరటిలో పరీక్ష చేసితిమి. గరుసుమీద ఒక పొత్రము, ఒక చెంబు, నాలుగు రాళ్లు పెట్టి, మట్టిలో జానెడు గుంట త్రవ్వి, దీపమును మొదట నా నొసటియొద్ద పట్టుకొని చూచితిని. అన్నియు తెల్లగా, బల్లపరుపుగా కనబడినవి. గుంట కనబడనేలేదు. పిమ్మట దీపమును నడుము ఎత్తునకు దించి పట్టగా, ప్రతి రాతివెనుకను నల్లని నీడ నిలిచినది; గుంట మసిముద్దవలె తెలిసినది.

అప్పుడు నాకు చేటలో బియ్యము జ్ఞాపకము వచ్చినది. నడినెత్తిన బల్బు క్రింద కూర్చుండి రాళ్లేరినచో ఒక్కటి దొరకదు. కిటికీప్రక్కన కూర్చుండి వాలువెలుగులో చూచినచో ప్రతి మెరికయు దొరకును. కన్ను రాతిని చూచుట లేదు, దాని నీడను చూచుచున్నది. దీపము కంటికెంత దగ్గఱగా నుండునో నీడ అంతగా రాతివెనుక దాగును. అందుచే దారిని తెలుపునది హ్యాండిలుదీపమే. అది వెడల్పుగా పఱచుకొనవలెను. అయిన తలదీపమెందుకు? హ్యాండిలు చక్రము తిరిగినవైపే తిరుగును, కాని మనము మలుపును ముందుగా చూడవలెను గదా! తలదీపము చూపు పోయినచోటికి పోవును. దానిని సన్నగా, తక్కువవెలుగుతో వాడవలెను. ఒక్కటే కొనగలవారు హ్యాండిలుదానినే కొనుడు. మంచుకురియునప్పుడును దుమ్ములేచినప్పుడును తలదీపమును ఆర్పవలెను. లేనిచో కంటియెదుట తెల్లనితెర కట్టినట్లుండును. కాలువగట్టున మాఘమాసపు వేకువలో మేమది చూచితిమి.

వెలుగు ఎంతదూరము పడవలెనన్నదానికి లెక్క కలదు. గంటకు 20 కిలోమీటర్లు పోవు సైకిలు క్షణమునకు అయిదున్నర మీటర్లు కదలును. రాయి కనబడి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకును నొక్కుటకే ఒకటిన్నర క్షణము పట్టును. పిమ్మట సైకిలు ఆగుటకు మఱికొంత. కనుక పదునైదు ఇరువది మీటర్లవఱకు నేల స్పష్టముగా కనబడనిచో ఆ వేగము తగదు. దీపము చిన్నదైనచో వేగము తగ్గించుకొనవలెను. ఈ లెక్క చెప్పినప్పుడు పిల్ల మొగము ముడుచుకొన్నది. ఆనాడు అది పాతికకు తక్కువగా పోవుటలేదట.

రోడ్డుమీద దీపమును క్రిందికి వంచి కట్టుట మర్యాద. జర్మనీదేశమున సైకిలుదీపపు వెలుగు ఎదుటివాని కంట పడకుండ పైభాగమున కోసినట్లుండవలెనని చట్టమే కలదు. మనదేశమున లారీలవారికే ఆ మర్యాద లేదు. ఎదుట రెండు సూర్యులను వెలిగించుకొని వత్తురు. అప్పుడు వాని దీపములవైపు చూడక రోడ్డు ఎడమయంచును చూచుచు వేగము తగ్గింపవలెను. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. చెడుటకు ఒక్క క్షణము చాలును. అందుచేతనే ముందుదీపము ఒకేసారి ఆఱిపోవునది కాక, శక్తి తగ్గగానే తానే మందగించి హెచ్చరించునదిగా నుండవలెను. కొనునప్పుడు నేను మొదట అడుగునది ఇదియే. ఇంట నెవరికైన దీపము బాగున్నను రాత్రి చూపానకున్నచో అది రేచీకటి కావచ్చును. మునగాకు, బొప్పాయి, పాలు పెట్టుటతో ఊరకుండక వైద్యునికి చూపవలెను.

వెనుక ఎఱ్ఱదీపము సంగతి ఆటోనడుపువాడే నాకు నేర్పినాడు. ముందుదీపము మనము చూచుటకు, వెనుకదీపము మనలను చూచుటకు. రెండవదే ప్రాణము. ధర తక్కువ, బ్యాటరీ పదిగంటలు వచ్చునవియు కలవు. మిణుకుమిణుకుమను పద్ధతి పగటికి మంచిది. రాత్రి అది దూరమును సరిగా తెలియనీయదు, వెనుక వచ్చువాని కంటికి బాధ. స్థిరముగా వెలిగించుటయే మేలు. పెడళ్లకు పసుపు బిళ్లలున్నచో అవి పైకి క్రిందికి ఆడుచుండుటచే ఇది సైకిలని దూరమునుండియే తెలియును. కుర్తా వెనుకను దుపట్టా యంచునను మెఱయు పట్టీ కుట్టితిని. దుపట్టా చక్రములో చిక్కకుండ నడుముకు బిగించుట మఱువరాదు; నేనొకసారి మఱచితిని.

దీపమునకును సంరక్షణ కావలెను. ఎండలో సైకిలుకే వదలరాదు. మా సీమ వైశాఖపుటెండ బ్యాటరీ ఆయుస్సును తినివేయును. నెలలతరబడి వాడనప్పుడు సగము నింపి, చల్లనిచోట పెట్టవలెను. రాత్రంతయు పఱుపుమీద ఛార్జింగు పెట్టి నిద్రించుట ప్రమాదము. నిలుచున్నప్పుడు పెద్దవెలుగును తగ్గింపుడు. ఎదురుగాలియే దానికి విసనకఱ్ఱ. పెట్టెమీద ఐ.పి.ఎక్స్.4 అనియున్నచో వానచినుకులకు ఓర్చును.

ఈ విధముగా నేను దీపశాస్త్రము నేర్చుచుండగా 2024 జూనులో మహానందిపరిసరములలో చిరుతపులి తిరుగుచున్నదను వార్త వచ్చినది. ఆ నెలలోనే నల్లమలలో నొక స్త్రీ చిరుతవాత పడినది. మా అత్తగారికి అంతకంటె బలమైన వాదము అక్కఱలేకపోయెను. "పులికి లైటు చూపిచ్చి పొమ్మంటావా?" యని నన్నడిగిరి. ఆమె యన్నది నిజము. మా వెనుకనున్న యడవి నాగార్జునసాగరు-శ్రీశైలము పులుల సంరక్షణప్రాంతముతో కలిసియున్నది. అనుమతి లేక అందులోనికి పోరాదు. రాత్రి ఎంత దీపమున్నను పోరాదు. అది మృగముల వేళ. కొండయంచు రాళ్లబాటను మేము పూర్తిగా మానితిమి. పిల్ల రెండునాళ్లు అన్నము సరిగా తినలేదు. తోటబాటలలోను ఒంటిగా పోరాదని నియమము. దీపము వేయగా ఆవులకు, కుక్కలకు, చిరుతలకు కన్నులు మెఱయును, పాముకన్ను మెఱయదు. గడ్డిలో సాలెపురుగుల కన్నులుకూడ పచ్చని మంచుబొట్లవలె మెఱయుట నేను ఈ వయస్సున చూచితిని. ఎఱుగనినాడు భయపడెడిదానను.

గడువు ముగిసినది. ఆ యేటి కార్తీకమున పిల్ల నన్నడుగలేదు. తండ్రినే అడిగినది. ఆయన నావైపు చూచి, "మీ అమ్మ వెంట వచ్చినచో పో" అనిరి. నేను ఇరువదియేండ్లకు పైగా సైకిలును బజారుకు తప్ప తొక్కలేదు. వారము దినములు వాకిట అభ్యాసము చేసితిని, మోకాళ్లు నొచ్చినవి. బయలుదేఱిన నాడు వేకువ నాలుగున్నర. మా అత్తగారు వసారాలో దుప్పటి కప్పుకొని కూర్చుండి, నా సైకిలు వెనుకదీపమును తాకి చూచి, "ఇది ఆరిపోదు గదా?" యనిరి. పదిగంటలు వెలుగునంటిని. "సరే, పోయిరాండి" యనిరి.

పిల్ల ముందు, నేను వెనుక. దాని దీపము దారిపై చాపవలె పఱచుకొన్నది. నాకు దాని ఎఱ్ఱదీపము తప్ప మఱేమియు చూడబుద్ధి కాలేదు. ఒకచోట అది వేగము తగ్గించి, గంట మ్రోగించి, కుడివైపునకు జరిగినది. రాళ్లవరుస. నల్లపట్ట. ఒక్కొక్క రాతివెనుకను నీడ. ఆ స్థలమే యని పిల్ల చెప్పలేదు, నేనడుగలేదు. ప్రథమనందిచెంత దిగుసరికి తూర్పు తెల్లబడుచుండెను. ఇద్దఱమును దీపములను ఆర్పి, చేతితో తాకి చూచితిమి, గోరువెచ్చగా నున్నవి. సాయంకాలము పొద్దుగూకక మునుపే, నందులన్నియు చూచి, ఇల్లు చేరితిమి. నాకు రెండునాళ్లు లేవచేతగాలేదు.

పలకమీది నాలుగు దీపములలో రెండు పిల్లవి, ఒకటి నాది. నాలుగవది ఎవరిదని మీరడుగవచ్చును. మా వీధిచివర నొక బాలిక నంద్యాలలో ఇంటరుమీడియేటు చదువుచున్నది. సైన్సు. దానికి ప్రయోగశాల పని అయిదున్నర వఱకు ఉండును. తరువాత బస్సు దొరకినచో దొరకును. వాళ్లమ్మ ఒకనాడు మా వసారాలో నిలుచుండి, సైకిలున్నది గాని అని యేదో చెప్పబోయి ఆగినది. నేను పలకమీదనుండి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టితిని. వెనుకది నేనే పోయి కట్టి, ఎట్లు వంచవలెనో చూపివచ్చితిని. ఇప్పుడు ఉదయము ఏడుగంటలకు ఆ పిల్ల వచ్చి దానిని తీసికొనిపోవును. సాయంకాలము ఏడుగంటల ప్రాంతమున తెచ్చి, ఛార్జింగుతీగ తగిలించి పోవును. అంతవఱకు మా పలకపై మూడు దీపములే యుండును. నేను వంటయింటి కిటికీనుండి వీధిమలుపువైపు అప్పుడప్పుడు చూచుచుందును.